టేపు కేసెట్టు: తుప్పులో దాచిన గొంతు

ఆదోనిలోగాని ఎమ్మిగనూరులోగాని ఒక పాత ఇంటికి సున్నము వేయుటకై సామాను బయట పెట్టినపుడు, అటకమీది రేకుపెట్టెలో తరచు ఒక వస్తువు కనబడును. అరచేతిలో ఇముడు ప్లాస్టిక్ డబ్బీ. దానిలో పండ్లుగల రెండు చిన్న చక్రములు. వానికి చుట్టిన సన్నని గోధుమరంగు నాడా. నేటి విద్యార్థులలో పెక్కుమంది దీనిని బొమ్మలో చూచియుందురే కాని చేత పట్టియుండరు. ఇదియే టేపు కేసెట్టు. ఇట్టివి పది దొరికినచో, ఒకటి రెండు పైకాగితమైనను విప్పని ఖాళీ కేసెట్టులు కావచ్చును. ఎక్కువ భాగము సినిమా పాటలు, భక్తిగీతములు, ఘంటసాల పాడిన భగవద్గీత. ఏదో ఒకదానిపై మాత్రము కలముతో ‘అవ్వ పాటలు’ అనియో, ‘పెండ్లి’ అనియో వ్రాసి ఉండును.

వీనిలో దేనికి వెల ఎక్కువ? విచిత్రమేమనగా, నేడు కొనువాడు ముందుగా అడుగునది ఆ విప్పని ఖాళీ కేసెట్టునే.

పాత రేడియోలు, గ్రామఫోనులు, టేపు రికార్డర్లు సేకరించువారు ప్రపంచమంతటను ఉన్నారు. వారిలో ఒక తెగవారు ఖాళీ కేసెట్టులనే కూడబెట్టుదురు. సోనీ, టీడీకే, మాక్సెల్ మొదలైన సంస్థలు ఏ సంవత్సరమున ఏ పైకాగితముతో ఏ రకపు టేపు అమ్మినవో వారికి కంఠోపాఠము. దీనిని చూచి నవ్వుకొననక్కరలేదు. తపాలా బిళ్ళలు సేకరించువాడు వానిని ఉత్తరములకు అంటించునా? అయితే ఖాళీ కేసెట్టునకును, అవ్వ పాటల కేసెట్టునకును నడుమనున్న భేదము కంటికి కనబడనిది. బరువులో, రంగులో, పొడవులో రెండును ఒకటే. ఆ భేదమేదో తెలిసికొన్నచో, అటకమీది పెట్టెలో దేనికి తొందర ఉన్నదో తెలియును.

గ్రామఫోను రికార్డు ఫ్యాక్టరీలో అచ్చు వేయబడి ఇంటికి వచ్చును. ఇంటివారు దానిని వినగలరు, అంతే. తమ మాటను దానిపై నిలుపలేరు. శబ్దమును అయస్కాంతముగా మార్చి నిలుపవచ్చునని 1898లో డెన్మార్కు దేశీయుడు వాల్డెమార్ పౌల్సెన్ ఉక్కు తీగపై చూపెను. 1928లో జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్ అను ఇంజనీరు తీగకు బదులు కాగితపు పట్టీపై ఇనుపపొడిని అంటించెను. సిగరెట్ల కొసకు లోహపు రంగు పట్టీ అంటించు పని ఆయనకు అంతకు మునుపే అలవాటు. ఆ నేర్పే ఇక్కడ పనికివచ్చినది. 1935లో బెర్లిను రేడియో ప్రదర్శనలో ఏఈజీ సంస్థ మాగ్నెటోఫోను అను టేపు యంత్రమును ప్రదర్శించెను. కాని చక్రములతోడి ఆ యంత్రములు బరువైనవి, ఖరీదైనవి. రేడియో కేంద్రములకే తగినవి. 1963లో అదే బెర్లిను ప్రదర్శనలో ఫిలిప్స్ సంస్థ చిన్న కేసెట్టును తెచ్చినది. దానిని రూపొందించిన బృందమునకు నాయకుడు లూ ఒట్టెన్స్. కేసెట్టు యంత్రము ఎంత ఉండవలెనో నిర్ణయించుటకు ఆయన ఒక చెక్కముక్కను కోటు జేబులో పట్టునట్లు కోయించుకొనెను.

ఈ దేశములో 1980 తరువాత కేసెట్టు ఊరూర వ్యాపించెను. రేడియోయు టేపును ఒకటిగా ఉన్న ‘టూ-ఇన్-వన్’ ఇంటికి గౌరవచిహ్నమాయెను. ఆదోని, ఎమ్మిగనూరు వంటి పట్టణములలో ఖాళీ కేసెట్టు కొని, కోరిన పాటల జాబితా కాగితముపై వ్రాసి దుకాణమున ఇచ్చి, నింపించుకొని తెచ్చుకొనెడివారు. ఇది చట్టమునకు సరిపడు పని కాదు. కాని అదే ఖాళీ కేసెట్టు పెట్టి, ఎర్ర మీటను నొక్కి, ఇంటిలోని ముసలమ్మను ‘పాడవ్వా’ అని అడుగుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. సామాన్యుని ఇంటిలో సామాన్యుని గొంతు నిలుచుట అప్పుడే మొదలైనది.

ఇక ఆ నాడా సంగతి. అది పాలియెస్టరు అను గట్టి ప్లాస్టిక్ పొర. వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. దానిపై జిగురుతో కలిపి పూసిన గోధుమరంగు పొడి ఒక ఇనుప ఆక్సైడు. తుప్పునకు దగ్గరి చుట్టమనవచ్చును. ఆదోనికి ప్రక్కనున్న బళ్ళారి, సండూరు కొండలలో త్రవ్వు ఎర్రని ఇనుపరాయి హెమటైటు. దానిలో రెండు ఇనుప పరమాణువులకు మూడు ఆక్సిజను పరమాణువులు ఉండును. టేపు మీది పొడిలోను సరిగా అంతే. దాని పేరు మాగ్‌హెమైటు. అయినను హెమటైటు పొడిని అయస్కాంతము లెక్కచేయదు, మాగ్‌హెమైటును గట్టిగా లాగును. పరమాణువులు అవే, వాని అమరిక వేరు. రసాయన సూత్రమొక్కటే పదార్థము యొక్క గుణమును చెప్పజాలదనుటకు ఉపాధ్యాయులకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణము దొరకదు.

ఆ పొడి రేణువులు సూదులవలె ఉండును. ఒక్కొక్కదాని నిడివి ఇంచుమించు అర మైక్రాను. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. జిన్నింగు మిల్లులో గింజ తీసిన దూదిని చూచినవారికి పోగులు ఎట్లు చిందరవందరగా ఉండునో తెలియును. ఏకిన తరువాత అవి ఒకే దిక్కునకు సాగి ఏకుగా అమరును. అప్పుడే దారము తీయుటకు పనికివచ్చును. టేపు తయారీలోను ఏకుట ఉన్నది. పూత తడిగా ఉండగనే నాడాను బలమైన అయస్కాంతము ప్రక్కగా నడిపింతురు. రేణువులన్నియు నాడా పొడవునకు తలలు త్రిప్పుకొని నిలుచును. పిమ్మట పూత ఆరి బిగిసిపోవును. ఇక రేణువు కదలదు. దానిలోని ఉత్తర దక్షిణ ధ్రువములు మాత్రమే తారుమారు కాగలవు.

ఖాళీ టేపులో ఈ కోటానుకోట్ల బుల్లి అయస్కాంతములలో సగము ఒక వైపునకు, సగము మరొక వైపునకు చూచుచుండును. మొత్తము మీద బలము సున్న. అయినను ఖాళీ టేపును పెట్టి వినినచో నిశ్శబ్దము వినబడదు. ఇసుక రాలినట్లు సన్నని సవ్వడి వినబడును. హెడ్డు ముందు ఏ క్షణమునను రెండు వైపుల లెక్క సరిగా సరిపోవకుండుటయే దానికి కారణము. పాత యంత్రములపై మమకారమున్నవారికి పాట మొదలగుటకు ముందు వచ్చు ఆ సవ్వడియే ప్రాణము.

మాట నింపునపుడు జరుగునది ఇది. మైక్రోఫోను గాలి అలలను విద్యుత్ప్రవాహపు హెచ్చుతగ్గులుగా మార్చును. ఆ ప్రవాహము హెడ్డులోని తీగచుట్ట గుండా పోవును. హెడ్డు ఒక చిన్న విద్యుదయస్కాంతము. దాని ముఖమున కంటికి కనబడని సన్నని చీలిక, మైక్రాను రెండు మైక్రానుల వెడల్పు, ఉండును. ఆ చీలిక ముందుగా నాడా సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగముతో జరిగిపోవును. ప్రవాహము ఎట్లు ఊగిన అట్లే రేణువుల ధ్రువములు తిరిగి నిలిచిపోవును. బలహీనమైన శబ్దము రేణువులను కదల్చలేదు. అందుచేత సెకనుకు ఇంచుమించు లక్షసార్లు ఊగు మరొక ప్రవాహమును దానితో కలుపుదురు. ఇరుకుగా బిగిసిన తలుపును కొద్దిగా ఊపుచు నెట్టినచో తెరచుకొనును కదా! ఈ ఉపాయము 1940లో జర్మనీలో టేపు యంత్రమునకు అన్వయింపబడినది. వినునపుడు ఇదంతయు తలక్రిందులు: కదలు అయస్కాంతములు తీగచుట్టలో ప్రవాహమును పుట్టించును. ఫారడే సూత్రము తప్ప మరేమియు లేదు.

విద్యార్థులు ఇచ్చట చిన్న లెక్క వేయవచ్చును. ‘సీ-60’ కేసెట్టు ఒక్కొక్క ప్రక్క 30 నిమిషములు నడచును. 1800 సెకనులను 4.76తో గుణించినచో 8568 సెంటీమీటర్లు, అనగా దాదాపు 86 మీటర్ల నాడా కావలెను. తయారీదారులు కొంత ఎక్కువయే చుట్టెదరు. 90 నిమిషముల కేసెట్టులో అదే డబ్బీలో ఒకటిన్నర రెట్లు నాడా పట్టవలెను గనుక దానిని పలుచన చేసిరి: మొదటిది 18 మైక్రానులు, రెండవది 12. 120 నిమిషములది 9 మైక్రానులే. తల వెంట్రుక మందము దానికి ఎన్నో రెట్లు. డబ్బుకు ఎక్కువ నిడివి వచ్చినదని సంతోషించి కొన్నవారికి అది రబ్బరు రోలరుకు చుట్టుకొని నలిగిపోయినపుడు సంగతి తెలిసెడిది. అప్పుడు ఆరు పలకల పెన్సిలును చక్రములో దూర్చి త్రిప్పుట తప్ప గతిలేదు.

మరొక లెక్క ఇంతకంటె ముఖ్యమైనది. సెకనుకు 100 కంపనములుగల బొంగురు గొంతు టేపుపై వ్రాయు ఒక్కొక్క అల పొడవు 476 మైక్రానులు, అనగా దాదాపు అర మిల్లీమీటరు. 10,000 కంపనములుగల సన్నని ధ్వని, గాజుల గలగలలోను ‘స’కారపు సవ్వడిలోను ఉండునది, 4.76 మైక్రానులలో ఇమిడిపోవును. ఇప్పుడు హెడ్డుకును నాడాకును నడుమ ఒకే ఒక్క మైక్రాను మందముగల ధూళి చేరినదనుకొనవలెను. 100 కంపనముల ధ్వని నూటికి ఒక వంతు మాత్రమే తగ్గును. 1000 కంపనములది ఎనిమిదవ వంతు తగ్గును. 10,000 కంపనములది నాలుగవ వంతు మాత్రమే మిగులును! పాత టేపులో మాట దుప్పటి కప్పుకొని పలికినట్లు వినబడుటకు కారణము తరచు టేపు చెడుట కాదు, హెడ్డుపై మురికి. నల్లరేగడి ధూళి, పత్తి నూగు గాలిలో తేలు ఆదోనిలో దీనికి కొదువ లేదు.

సేకరించువారు చూచు రకముల మాటయు చెప్పవలెను. మొదటి రకము పైన చెప్పిన ఇనుప ఆక్సైడు. 1970 ప్రాంతమున క్రోమియం డయాక్సైడు టేపు వచ్చెను. ఇది రెండవ రకము. ఈ రెంటిని పొరలుగా పూసిన మూడవ రకము ఎక్కువకాలము నిలువలేదు. ఆ దశాబ్దము చివర వచ్చిన నాలుగవ రకములో ఆక్సైడు లేదు, లోహపు పొడియే. దానిని తలక్రిందులు చేయుటకు మొదటి రకమునకంటె దాదాపు మూడింతల అయస్కాంత బలము కావలెను. లోహపు టేపులు కొన్ని లోహపు చట్రములోనే అమర్చి అమ్మబడెను. నేడు సేకరణదారులు ఎక్కువ వెల పెట్టునది వీనికే. నేడును కేసెట్టులు కొద్దిచోట్ల తయారగుచున్నవి గాని, అవి ముఖ్యముగా మొదటి రకమే. కనుక విప్పని పాత లోహపు టేపు ఇక తరుగునదే కాని పెరుగునది కాదు.

మరి వ్రాయబడిన టేపు ఎంతకాలము నిలుచును? ఆదోని ఎండకు అయస్కాంతము కరగిపోవునా? పోదు. మాగ్‌హెమైటు తన అయస్కాంతత్వమును కోల్పోవుటకు ఇంచుమించు 600 డిగ్రీల వేడి కావలెను. క్రోమియం టేపునకైనను 120 డిగ్రీల వరకు భయములేదు. చెడునది జ్ఞాపకము కాదు, దానిని మోయు శరీరము. జిగురు గాలిలోని తేమను పీల్చి క్రమముగా విచ్ఛిన్నమగును; అప్పుడు టేపు బంకగా మారి హెడ్డుకు అంటుకొనును. ఈ జబ్బు కొన్ని సంస్థల పెద్ద చక్రపు టేపులలో ఎక్కువ, కేసెట్టులలో తక్కువ. ఈ విషయమున పశ్చిమ కర్నూలు సీమ అదృష్టము గలది. వానకై మొగము వాచు ఈ నేల గాలిలో తేమ తక్కువ. కోస్తా ఊళ్ళలో బూజుపట్టు టేపు ఇచ్చట పొడిగా మిగులును. కాని 40 డిగ్రీలు దాటు వేసవిలో రేకుల కప్పు క్రింద చుట్ట బిగిసి సడలుచుండును. ఒక చుట్టులోని అయస్కాంతత్వము ప్రక్క చుట్టుపై మసకగా అచ్చు పడును. మాట మొదలగుటకు ఒక క్షణము ముందే అదే మాట దూరమునుండి వినబడుట ఇందువలననే. నాడాను హెడ్డుకు అదిమిపట్టు చిన్న మెత్త జిగురు ఎండి ఊడిపోవును. ఇది ఊడినచో టేపు బాగున్నను ధ్వని ఉండదు. చాలమంది కేసెట్టు చచ్చినదని పారవేయుదురు.

నీరు వేరు కథ. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి, ఎమ్మిగనూరుకు చేరువనున్న మంత్రాలయము మునిగినది. వరదనీట తడిసిన కేసెట్టును ఎండలో ఆరబెట్టరాదు, వెంటనే యంత్రమున పెట్టి నడుపరాదు. బురద ఎండినచో గరుకు కాగితమై పూతను గీకివేయును. తడి ఆరకముందే శుభ్రమైన, వీలైనచో బట్టీపట్టిన నీటితో కడిగి, నీడలో చల్లని గాలికి ఆరనీయవలెను.

ఈ శ్రమ అంతయు దేనికి? ఘంటసాల భగవద్గీత ఒక ఇంటిలో చెడినను వేయి ఇండ్లలో ఉండును. ‘అవ్వ పాటలు’ ప్రపంచములో ఒక్కటే ప్రతి. అందులోను ఈ సీమ పలుకు ప్రత్యేకమైనది. 1953 అక్టోబరు 1 వరకు ఆదోని బళ్ళారి జిల్లాలోనిది. తెలుగు, కన్నడము, ఉర్దూ ఒకే వీధిలో, ఒక్కొక్కప్పుడు ఒకే వాక్యములో వినబడును. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున మాండలిక వృత్తి పదకోశము వ్యవసాయ సంపుటము 1962లోను, చేనేత సంపుటము 1971లోను వెలువడెను. 1938 నుండి చేనేత సహకార సంఘమున్న ఎమ్మిగనూరు వంటి ఊరిలో మగ్గము మీది మాట ఎట్టిదో, దాని అర్థమేమో అట్టి గ్రంథము చెప్పగలదు. ఆ మాటను ఎచ్చట సాగదీయుదురో, ఎచ్చట విరుతురో, పడుగు పోయుచు పాడినపుడు ఊపిరి ఎచ్చట తీయుదురో అచ్చు అక్షరము చెప్పలేదు. పీర్ల పండుగ పాట, పెండ్లిలో అప్పగింతల పాట, నాటకమున పద్యము తీయు పద్ధతి — ఇవి ఎక్కడైనను మిగిలినచో ఆ గోధుమరంగు నాడాలోనే మిగులును. టేపు ఇంకను పలుకును. దానిని పలికించు యంత్రములే తరుగుచున్నవి: బెల్టులు కరగి తారగుచున్నవి, రోలరు గట్టిపడుచున్నది, బాగుచేయు పనివారు ముసలివారగుచున్నారు.

కనుక చేయవలసిన పని ఆ టేపును సంఖ్యలుగా మార్చుట. ముందు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదితో తుడువవలెను. కేసెట్టును ఒకసారి చివరివరకు చుట్టి వెనుకకు త్రిప్పవలెను. బిగిసిన చుట్ట సడలును, అచ్చుపడిన మాటయు కొంత తగ్గును. వెనుక అంచున ఎడమ ప్రక్కనుండు చిన్న ప్లాస్టిక్ రెక్కను విరువవలెను. అప్పుడు పొరపాటున ఎర్ర మీట నొక్కినను చెరగదు. (ఒకప్పుడు విరిగిన ఆ గంటికే కాగితపు ఉండ దూర్చి పాత పాటపై కొత్త పాట నింపెడివారు. ఎన్ని గొంతులు అట్లు పోయినవో!) పిమ్మట హెడ్డు ప్రక్కనుండు మరను అతి కొద్దిగా త్రిప్పుచు సన్నని ధ్వనులు ఎచ్చట స్పష్టముగా వినబడునో అచ్చట నిలుపవలెను. పడుగునకు పేక లంబముగా పడకున్న బట్ట వంకరపోవునట్లే, హెడ్డులోని చీలిక నాడాకు లంబముగా లేకున్న ‘స’కారము మాయమగును. ఈ పని తెలిసినవారి చేత చేయించుట మేలు.

కంప్యూటరు ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 3 బైట్లలో, రెండు ప్రక్కలకును వ్రాసినచో సెకనుకు 2,88,000 బైట్లు. గంటకు దాదాపు వందకోట్లు, అనగా ఒక గిగాబైటు. పెట్టెడు కేసెట్టులు బొటనవ్రేలంత పరికరములో ఇముడును. కుదించిన ఫైలు ఇతరులకు పంపుటకు చాలును, దాచుటకు మాత్రము కుదించనిదే కావలెను. ప్రతులు రెండు, వేరువేరు ఇండ్లలో. ఎవరు పాడిరో, ఏ ఊరో, ఏ సంవత్సరమో, ఆ గొంతును గుర్తుపట్టగలవారు బ్రతికియుండగనే వ్రాసి పెట్టవలెను. మూలపు కేసెట్టును పారవేయరాదు.

అవ్వ పాటల డబ్బీ పగిలియున్నదా, మెత్త ఊడియున్నదా? అప్పుడు విప్పని ఖాళీ కేసెట్టునకు పని పడును. అంచులకు మరలు బిగించిన రకముదైతే అయిదు మరలను తీసి, దాని నాడాను తొలగించి, పాత నాడాను ఆ కొత్త డబ్బీలో అమర్చవచ్చును. తెగినచోట అందుకై తయారైన అతుకు పట్టీనే వాడవలెను. మామూలు జిగురు పట్టీ బంక కారి ప్రక్క చుట్టులకు అంటుకొనును. తీసివేసిన ఖాళీ నాడా పాఠశాలకు పనికివచ్చును. దానిని పాత డబ్బీలో చుట్టి, విద్యార్థులు తమ మాట నింపి, చెడిన స్పీకరులోని అయస్కాంతమును ఒక జానెడు దూరమునుండి క్రమముగా దగ్గరకు తెచ్చుచు, ఏ దూరమున మాట చెరుగునో కొలిచి చూడవచ్చును. అవ్వ కేసెట్టును మాత్రము ఆ బల్ల మీద ఉంచరాదు.